డాక్టరమ్మ కారు

"అమ్మా, ఆ ముసలాయన ఇవాళ కూడా మీ కారు దగ్గరే కూర్చున్నాడు," అంది ఆయా సుబ్బరావమ్మ.

డాక్టర్ బిందుమాధవి కిటికీలోంచి బయటికి చూసింది.

రోడ్డు వారగా తన తెల్ల మారుతి. దాని ముందు ఓ రాయి మీద మాసిన పంచె, మెడలో తువ్వాలుతో ఆ పెద్దాయన. పేరు చెంచయ్యట. ఏ ఊరో, ఏం పని చేస్తాడో ఆమెకు తెలియదు. వినుకొండ బజారులో నర్సింగ్ హోమ్ తెరిచి, ఆ కారు కొన్నప్పటి నుంచి వస్తున్నాడు. పొద్దున్నే వస్తాడు. సాయంత్రం ఆమె కారు తీశాకే లేస్తాడు.

ఎండెక్కితే కారు అద్దం మీద గోనెపట్టా కప్పుతాడు. అదీ ఎవరూ అడక్కుండానే.

"అంత చనువు దేనికమ్మా? ఏదో చూసుకునే వస్తున్నాడు," అంది సుబ్బరావమ్మ.

ఆమె మాట బిందుమాధవి మనసులో పడింది. సెకండ్ హ్యాండ్‌దే అయినా, సొంత సంపాదనతో కొనుక్కున్న కారు. పల్లెల నుంచి కాన్పు కబురొస్తే బస్సు కోసం నిలబడే పని లేకుండా కొనుక్కుంది.

ఆ సాయంత్రం గుంటూరులో ఉన్న భర్త వేణుగోపాల్‌కి ఫోన్ చేసింది.

"కారుకి అలారం పెట్టించనా?"

"ఆ కారుకా? ఎత్తుకుపోయినవాడు స్టార్ట్ చెయ్యలేక మళ్ళీ నీకే తోసుకొచ్చి ఇస్తాడు."

"నవ్వులాట కాదండీ. ఆ ముసలాయన వాలకం నాకు నచ్చట్లేదు."

"ఎందుకు కూర్చుంటున్నాడో అడిగావా?"

అడగలేదు. మర్నాడు అడిగింది.

చెంచయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. మెడలో తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఊరికేనమ్మా. ఇంటికాడ పొద్దుపోదు."

ఆ మాట ఆమె మొహంలోకి చూడకుండా చెప్పాడు. దాంతో ఆమె అనుమానం గట్టిపడింది. ఆదివారం నరసరావుపేట వెళ్ళి అలారం పెట్టించుకొచ్చింది.

పత్తి ట్రాక్టరు పోయినా, మిర్చి లారీ పోయినా కారు కుయ్యోమనేది. మొదట్లో బజారంతా తొంగి చూసింది. పోనుపోను ఎవరూ తల తిప్పడం కూడా మానేశారు.

ఒక మధ్యాహ్నం అది ఎంతకీ ఆగకపోతే బిందుమాధవి బయటికొచ్చింది. చెంచయ్య బానెట్ మీద చెయ్యి ఆనించి, ఎవరో ఆటో అతనితో గొడవ పడుతున్నాడు.

"కారు మీద చెయ్యి తియ్యండి. అసలు రేపట్నుంచి ఇక్కడ కూర్చోకండి," అంది. నలుగురూ చూస్తున్నారు.

చెంచయ్య ఏదో చెప్పబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"అట్టాగేనమ్మా," అని గోనెపట్టా మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. పీడా పోయిందనుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళు పగటిపూట బయటి కేసులేవీ రాలేదు. సాయంత్రం ఆమె ఇంటికి బయల్దేరే వేళకి బజారు ఖాళీ అయిపోయేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, పక్క పల్లె నుంచి కోటేష్ అనే కుర్రాడు రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, మా ఆవిడకి కాన్పయింది. రక్తం ఆగట్లేదు. కదిలిస్తే ఏమవుతుందోనని భయంగా ఉందమ్మా."

బిందుమాధవి బ్యాగు అందుకుని పరుగెత్తింది.

కారు ముందు పత్తి ట్రాక్టరు. వెనక మిర్చి బస్తాల ఆటో. రెంటిలోనూ మనిషి లేడు.

హారన్ కొట్టింది. ఎవరూ రాలేదు. దిక్కుతోచక అలారం మోగించింది. బజారులో ఒక్క తల తిరగలేదు.

"నా బండెక్కండమ్మా," అన్నాడు కోటేష్.

గతుకుల రోడ్డులో, ఒళ్ళో బ్యాగు పట్టుకుని, అతని మోటార్ సైకిల్ మీద వెళ్ళింది. తల్లి దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని ఆమెకు తెలుసు.

తిరిగొచ్చేసరికి పొద్దువాలుతోంది. తన కారుకి ఎదురుగా ఉన్న బుడే టీ కొట్టు దగ్గర ఆగింది.

"ఎన్నిసార్లు ఇలా పరుగెత్తాను బుడే! ఒక్కసారీ కారుకి ఏదీ అడ్డం రాలేదు. ఇవాళేమైంది ఈ బజారుకి?"

"ఇవాళేం కాదమ్మా, ఎప్పుడూ ఇంతే," అన్నాడు టీ కొట్టు బుడే. "మీ కారు ముందు బండి ఆపబోతే చెంచయ్య ఊరుకునేవాడు కాదు. బతిమాలో, పోట్లాడో ముందుకు తోలించేవాడు. ఒకసారి దెబ్బలు కూడా తిన్నాడు."

బిందుమాధవి కారు ముందు ఖాళీగా ఉన్న రాయి వైపు చూసింది.

"నాకు చెప్పొచ్చుగా?"

"నేను చెప్తానంటే, చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడమ్మా."

"ఇప్పుడెక్కడున్నాడు? పొద్దున్నే వెళ్ళి తీసుకొస్తాను. ఎండలో కూడా కాదు, మా వరండాలో కుర్చీ వేయిస్తాను."

బుడే గ్లాసు కడగడం ఆపాడు.

"పోయిన వారం గుండెనొప్పొచ్చి పోయాడమ్మా."

ఆమె బల్ల మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఆయన కూతురెవరన్నా కాన్పులో పోయిందా బుడే?"

"ఆయనకి పిల్లలే లేరమ్మా. పోయింది ఎవరి పిల్లో. మీకు ముందు ఇక్కడున్న డాక్టరు గారు ఆ పిల్ల కాన్పుకి బయల్దేరబోతే కారు కదల్లేదు. ఆయన వెళ్ళేసరికే అంతా అయిపోయింది."

"మరి చెంచయ్యకేం సంబంధం?"

బుడే ఆమె కూర్చున్న బల్ల వైపు చూశాడు.

"ఆ రోజు కారుకి అడ్డంగా ట్రాక్టరు వదిలేసి, ఈ బల్ల మీద కూర్చుని తీరిగ్గా టీ తాగింది చెంచయ్యేనమ్మా."