అడుగు వెనక్కి

ఆమెకు అన్నిటికన్నా భయం నిశ్శబ్దం.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు కలిగిన పాప. రెండు నిమిషాలు కిక్కురుమనకపోతే చాలు, పరుగున వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

భర్త స్టేజీ ఎక్కితే ఆ భయం రెండింతలు. జనాన్ని నవ్వించడం ఆయన పని. జోకు పేలకపోతే ఇంట్లో రెండు రోజులు మాటలుండవు.

ఆయనకో అలవాటు. జోకు చెప్పగానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. నవ్వుకి చోటు వదలాలంటాడు.

పదేళ్ల కిందట కాఫీ హోటలు మేడ మీద, ముప్పై కుర్చీల గదిలో మొదటి షో. మొదటి జోకు చెప్పాడు. అడుగు వెనక్కి వేశాడు.

ఒక్కరూ నవ్వలేదు. కొత్త పెళ్లికూతురు ఆమె, కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ముందు వరుస చివరి కుర్చీలోంచి కుండ పగిలినట్టు ఒక నవ్వు. వెలిసిన చీర కట్టుకున్న పెద్దావిడ. ఆవిడని చూసి పక్కవాళ్లు నవ్వారు. వాళ్లని చూసి వెనకవాళ్లు.

నవ్వు కూడా గొర్రెల మందే. ముందు ఒకటి కదలాలి.

హాళ్లు పెద్దవయ్యాయి. పోస్టరు మీద ఆయన ముఖమూ పెద్దదయింది. ఏ హాలయినా ఆవిడది మాత్రం ముందు వరుసలో ఆ చివరి కుర్చీయే.

పేరొచ్చాక ఆయనకి ఆ నవ్వు గిట్టలేదు.

“జోకు కొస పలక్కముందే నవ్వేస్తుందే! నేనిలా కాలు కదిపానో లేదో, భళ్లుమంటుంది. ముఖం చూడదు, ఎంతసేపూ కాళ్ల వంకే చూపు. తొందరమ్మ!”

“పోనిద్దురూ. మీకు మొదటి నవ్వు ఆవిడదేగా.”

“ఏడో క్లాసులో బడి మానేసినదానివి, నాకు షో నేర్పుతావా?”



పాపకి మూడో నెల వచ్చాక ఆమె ఒక షోకి ఎత్తుకెళ్లి ఆవిడని పలకరించింది. “మా ఆయన జోకులంటే అంత ఇష్టమా అమ్మా?”

ఆవిడ పాప బుగ్గ నిమిరి, చిన్నగా నవ్వి, మారు మాట లేకుండా వెళ్లిపోయింది.

“చూశావా పొగరు!” అన్నాడాయన.

ఆ ఏడే వెయ్యి కుర్చీల హాలు దొరికింది. మైకు పట్టుకుని ఆయన వేలు చూపించాడు.

“అదిగో మా తొందరమ్మ! పదేళ్లలో ఒక్కసారీ నా ముఖం చూడలేదు. కన్నంతా నా బూట్ల మీదే. కాస్త కనిపెట్టుకుని ఉండండి బాబూ, ఇవాళ ఒట్టికాళ్లతో ఇంటికెళ్లేట్టున్నాను!”

అడుగు వెనక్కి వేశాడు.

హాలు విరగబడి నవ్వింది. అందరికన్నా ముందు ఆవిడే నవ్వింది.

ఆమె ఒళ్లు మండి, ఇంటికి రాగానే ఆయన్ని నిలదీసింది.

“సిగ్గనిపించలేదూ మీకు? తల్లి వయసు మనిషిని వెయ్యిమందిలో దొంగని చేస్తారా?”

“ఆవిడే నవ్విందిగా! మధ్య నీకేం నొప్పి?”

“నవ్వితే నొప్పి లేనట్టేనా?”

ఆయన తరవాతి షోకి ఆవిడని గేటు దగ్గరే ఆపించాడు.

ఆ రోజు మొదటి జోకు చెప్పి, అడుగు వెనక్కి వేశాడు. వెయ్యి కుర్చీలూ ఊరుకున్నాయి. రెండో జోకు. మళ్లీ అడుగు. ఎవరో దగ్గారు.

మూడు షోలు అదే వరస. ఇంకొకటి ఇలాగే పోతే ఇక పిలిచేది లేదన్నారు హాలువాళ్లు.

“వెళ్లి తీసుకురావే ఆ తొందరమ్మని,” అన్నాడు చివరికి, గోడ వైపు తిరిగి.

గేటు దగ్గర మనిషి ఇల్లు గుర్తు చెప్పాడు. “మా వెనక వీధే. ఆ రోజు పోస్టరు చూపించి ఎన్ని దణ్ణాలు పెట్టిందో. నేనేం చెయ్యనమ్మా, సార్ మాట.”

ఆమె పాపని చంకనేసుకుని వెళ్లింది. తలుపుకి తాళం. పక్కింటావిడ బట్టలు పిండుతోంది.

“ఆవిడా? పోయి పన్నెండు రోజులు. స్నానాల గదిలో పడిపోయింది. రెండు రోజుల దాకా ఎవరికీ తెలీలేదు.”

“ఒక్కరైనా తలుపు తట్టలేదా!”

“తట్టినా పలకదు కదమ్మా, ఎందుకులే అనుకున్నాం. పుట్టుచెవుడు.”

ఆమె పాపని గట్టిగా పొదువుకుంది. “మరి... మా ఆయన జోకులకి...”

“ఓహో, ఆ అబ్బాయి పెళ్లానివా! ఆ కాఫీ హోటలు మేడ ఊడ్చేది ఈవిడే. మీ ఆయన పొద్దున్నే వచ్చి ఖాళీ కుర్చీలకి ఏదో చెప్పి, అడుగు వెనక్కేసి, బిక్కమొహంతో చూసేవాడట. ఇదిగో ఇట్లా, నాకు చేసి చూపించేది.”

పిండుతున్న చీరతోనే ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఆ అడుగు పడినప్పుడు ఎవరో ఒకరు నవ్వాలని ఆవిడకి అర్థమయింది. అంతే. జోకంటావా, ఒక్కటీ వినలేదు తల్లీ.”

ఆమె ఇంటికొచ్చి ఆ మాటే చెప్పింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె నవ్వలేదు.

తట్టినా పలకదులే అని మీరు వదిలేసిన తలుపు ఒకటి ఉంటే, ఈ కాగితం అవతల పెట్టి, వెళ్లి తోసి చూడండి.