పొగ తగలని ఇల్లు

రామనర్సయ్య అరచేత్తో గోడను రెండుసార్లు చరిచాడు. ఎండిన మట్టిగోడ అయితే గట్టిగా పలకాలి. ఇది తడిసిన గోనెసంచిలా ధబ్బుమంది. చేయి చూసుకుంటే తేమతో కలిసిన ఎర్రమట్టి అంటుకొని ఉంది.

"ఇది వానకు తడిసిన గోడ కాదు కోడలా. లోపలి నుంచే నెమ్మెక్కింది," అన్నాడు ఆ ఇంటి కోడలు రామక్కతో.

ఉసూరు చుట్టుపక్కల పల్లెల్లో మట్టి ఇళ్ల రోగాలకు రామనర్సయ్యే వైద్యుడు. ఆ మాట ఊరు అన్నా అనకపోయినా ఆయన మాత్రం రోజుకొకసారి అనేవాడు. కప్పు కారినా, ఎండాకాలం ఇల్లు కుంపటిలా కాలినా పిలుపు ఆయనకే. రేపు పొద్దున్నే బీజాపూర్ వెళ్లి సర్కారు బంగళా కప్పాలి. సంస్థానం పని, రానంటే ఊరుకోరు. ఈ గోడ సంగతి ఇవాళే తేలాలి.

"ఇయ్యాల్నే చెయ్యి మామా. నాకు నెలలు నిండినయ్. పక్కింటి సోమి బిడ్డ పోయిన వానలల్ల తడి ఇంట్ల పుట్టి, దగ్గు పట్టి పోయింది గదా. నాకు అదే భయం," అంది రామక్క. ఆ మాట అంటుంటే ఆమె చేయి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది.

ఆమె భర్త కాశయ్య రెండు నెలల కింద రాజావారి సడక్ పనికి వెళ్లాడు. కాన్పు వేళకు వస్తానని చెప్పి మరీ వెళ్లాడు.

గడప దగ్గర కూర్చున్న అత్త భద్రమ్మ తలెత్తకుండానే అంది. "ఎల్లుండి చెయ్యరాదా నర్సయ్యా?"

"ఎల్లుండి నేను ఈడ ఉంటే గదా వదినె!"

"పోయి వచ్చినంక చెయ్యి."

"నేను వచ్చేసరికి నీ మనవడు అంబాడుతుంటడు."

రామక్క పకపకా నవ్వింది. భద్రమ్మ నవ్వలేదు.

రామనర్సయ్య చూరు చూశాడు. గడ్డి దట్టంగా ఉంది. పునాది చుట్టూ తిరిగాడు. వాననీళ్లు నిలవకుండా కాలువ తీసే ఉంది. అటక ఎక్కి, ఎండ దిగకుండా పరిచిన జానెడు మట్టిని వేలితో పొడిచి చూశాడు. అదీ బాగానే ఉంది. మరి ఈ నెమ్ము ఎక్కడిది? వైద్యుడికి రోగం అంతుచిక్కలేదు. గొంతు ఎండిపోయింది.

"వదినె, ముంతెడు నీళ్లియ్యి."

"మా అన్న ఉప్పలయ్య ఇంట్ల తాగిపో. రెండిండ్ల అవతలనే గదా," అంది భద్రమ్మ.

రామనర్సయ్యకు చురుక్కుమంది. ఈ ఇంట్లో కల్లు తాగాడు, జావ తాగాడు. ఈరోజు నీళ్లకు గతిలేని వాడయ్యాడా? పని ఒప్పుకున్నాడు గనుక వంటింట్లోకి నడిచాడు.

అక్కడ దొరికింది రోగం. పొయ్యిలో పిల్లి లేవలేదని మాటవరసకు అంటారు గానీ, ఇక్కడ నిజంగానే చల్లని బూడిదలో పిల్లి ముడుచుకొని పడుకుంది. పైన వాసాల మీద తెల్లగా బూజు పట్టింది.

"ఈ పొయ్యి ముట్టించక ఎన్నాళ్లాయె కోడలా?"

"లక్మా వచ్చిపోయిన రోజు సంది. తొమ్మిది రోజులు," అంది రామక్క. ఆమె ముఖంలో సిగ్గు తొంగిచూసింది. లక్మా కాశయ్యతో కలిసి సడక్ పనికి పోయిన వాడు. "ఆయన లక్మాతోని కబురు పంపిండంట, నాకు పొగ తగలనియ్యొద్దని. లక్మా అత్తకు చెప్పి అట్లనే పోయిండు. అప్పటి సంది అత్త పొయ్యి ముట్టుకోనిస్తలేదు. బువ్వ ఉప్పలయ్య మామ ఇంటి నుంచే వస్తది. పుట్టింట్ల గూడ నాకు ఇంత సుఖం లేదు మామా!"

"ఓహో, మొగని ముద్దు గోడ మీదికి వచ్చిందన్నమాట!" రామనర్సయ్య పెద్దగా నవ్వాడు. పోయిన పరువు తిరిగి వచ్చినట్టయింది. "పొగ పోతే బిడ్డ బతుకుతదనుకున్నడా పిచ్చోడు? వానలల్ల ఇంటిని ఆరబెట్టేది పొగనే. పొగ తగిలితేనే గడ్డి కుళ్లదు, గోడ చెమర్చదు. నా పెండ్లాం ఆర్గురిని పొగలనే కన్నది. మందు లేదు, మాకు లేదు. పొయ్యి ముట్టించు, రెండు రోజులల్ల గది ఆరకపోతే నా పేరు మార్చు!"

"వద్దు నర్సయ్యా," అంది భద్రమ్మ గడప దగ్గరి నుంచే.

ముసలివాళ్ల చాదస్తాన్ని మాటలతో మాన్పలేమని రామనర్సయ్యకు బాగా తెలుసు. పక్కింటికి వెళ్లి పెంకు ముక్కలో నిప్పులు తెచ్చాడు. పిల్లిని అదిలించి, ఎండుపుల్లలు పేర్చి, ఊదాడు. సన్నగా పొగ లేచింది.

భద్రమ్మ పరుగెత్తుకొచ్చింది. కుండెడు నీళ్లు పొయ్యిలో గుమ్మరించింది. బూడిద, నీళ్లు రామనర్సయ్య ముఖాన పడ్డాయి. మునుపెన్నడూ భద్రమ్మ ఎవరి మీదా గొంతు కూడా లేపలేదు.

"ఎల్లుండి నేనే ముట్టిస్త గదా! ఇయ్యాల వద్దు. నీకు దండం పెడుత," అంది భద్రమ్మ.

రామక్కకు అత్త మీద మొదటిసారి కోపం వచ్చింది. "నీ మనవడు ఏమైనా ఫర్వాలేదా అత్తా? ఈ రాత్రే నొప్పులొస్తే?" అంటూ బరువుగా వంగి, నిప్పు మిగిలిన పెంకును చేతిలోకి తీసుకుంది. "నేనే ముట్టిస్త. ఆయన వచ్చి తిడితే నేను పడుత."

భద్రమ్మ కోడలి చేయి పట్టుకుంది.

"రేపు నా కొడుకు పదో దినం."