పేరు చెప్పని వాటాదారు

మెదక్ బస్టాండ్ దాటగానే దగ్గు ఆగక వజీరాబీ ఆటో ఆపించింది.

"ఇంత పొగేంది బిడ్డా? బ్యాటరీ బండి తీసుకోరాదు?"

యాదలక్ష్మికి ఒళ్లు మండింది. తను నడిపేది కిరాయి ఆటో. సొంత బండి కొంటే సంపాదనంతా వడ్డీకే పోతుంది. ఆ మాటే అనేసింది.

బజారులో వడ్డీ లేని సొసైటీ ఉందని, అడిగి చూడమని చెప్పింది వజీరాబీ.

"అది మీవోళ్లది గదా. మా అసొంటోళ్లకు ఇస్తరా?"

"కష్టపడేటోళ్లకు ఇస్తరు. పోయి అడుగు."

మర్నాడే వెళ్లింది. సొసైటీ నడిపే ముదస్సిర్ అప్పు మాటే ఎత్తలేదు. సభ్యుల్లో ఒకరి డబ్బుతో బండి కొంటామన్నాడు. కష్టం ఆమెది, వచ్చిన దాంట్లో ఇద్దరికీ వాటా. వాళ్ల వాటాను కొంచెం కొంచెంగా కొనుక్కుంటూ పోతే చివరికి బండి ఆమెదే.

ఆ వాటాదారు ఎవరని అడిగింది.

"చెప్పొద్దన్నరు. దండాలు పెట్టించుకునుడు వాళ్లకు నచ్చదు."

ఆకుపచ్చ ఆటో వచ్చింది. చప్పుడు లేదు, పొగ లేదు. మొదటి రోజు యాదలక్ష్మి తన పిల్లల్ని ఎక్కించుకుని పెద్ద చర్చి దాకా ఊరేగించింది.

వజీరాబీ వారం వారం దవాఖానాకు అందులోనే పోయేది. ఎక్కేటప్పుడు ఐదు రూపాయలకు బేరమాడేది, దిగేటప్పుడు అడిగినంతా ఇచ్చేది.

రెండో వానాకాలంలో నానిన గోడ కూలి ఆటో మీద పడింది. యాదలక్ష్మి సొసైటీకి పరుగెత్తింది. ముదస్సిర్ ఎవరికో ఫోన్ చేసి, పెట్టేసి నవ్వాడు.

"నీకు దెబ్బ తాకలేదు గదా అని అడిగిండ్రక్కా. బండి బాగు చేయించుమన్నరు. లాభంల వాటా తీసుకున్నోళ్లం నష్టంల తీసుకోమా అన్నరు."

మూడో ఏడు తిరిగేసరికి ఆఖరి వాటా కూడా కొనేసింది. బండి పూర్తిగా యాదలక్ష్మిదైంది. లడ్డూల డబ్బాతో సొసైటీకి వెళ్లి, మొదటి లడ్డూ ఆ వాటాదారు నోట్లోనే పెడతానని కూర్చుంది.

ముదస్సిర్ డబ్బా వంక చూసి తల గోక్కున్నాడు. ఇక పేరు చెప్పొచ్చు గానీ ఆ మనిషి ఊళ్లో లేరట. మొన్ననే హైదరాబాద్‌లో చెల్లెలి దగ్గర ఉండడానికి వెళ్లిపోయారట.

"అయ్యో! ముందే ఎరుకైతే నేనే స్టేషన్ల దింపుదును గదా."

"నువ్వే దింపినవక్కా. సామాను సీటు కింద సర్ది, నీళ్ల సీసా చేతికిచ్చి పోయినవని వజీరా ఖాలా రైల్లకెళ్లి ఫోన్ చేసి ఒకటే మురిసింది."