బిషప్‌గారి చివరి ప్రసంగం

“ఉన్నది ఉన్నట్టు టైపు కొట్టాలయ్యా. పుస్తకంలో అచ్చుతప్పుంటే ఆ తప్పు కూడా కొట్టాలి. మూడు నెలల ట్రైనింగ్‌లో నీకు ఇప్పటికే రెండు తప్పులు పడ్డాయి. ఇవాళ మూడోది పడిందా, ఉద్యోగం గురించి నేనేం చెయ్యలేను” అన్నాడు సూపర్‌వైజర్ సుబ్బరాయుడు.

ఓంకార్ బుద్ధిగా తలూపాడు. లండన్ కంపెనీ పాత పుస్తకాలు పంపుతుంది, మాదాపూర్‌లోని ఈ ఆఫీసు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. ఒకే పుస్తకాన్ని ఇద్దరు వేరువేరుగా టైపు చేస్తారు. తర్వాత కంప్యూటర్ రెండు కాపీలనూ పోల్చి తేడా ఎక్కడుందో పట్టేస్తుంది. ఓంకార్ కొడుతున్న బిషప్ జీవితచరిత్రనే పై అంతస్తులో నాగేశ్వరి కొడుతోంది. ఇన్నేళ్లలో ఆమెకు ఒక్క తప్పూ పడలేదని ఆఫీసంతా చెప్పుకుంటారు.

మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర ఓంకార్ ఆమెను పలకరించాడు.

“మేడమ్, మన బిషప్ ఎంత మంచోడో చూసిన్రా?”

“ఏ బిషప్? నేను కొడత, చదవ. చదివితే వేళ్లు ఆగుతయ్” అని ఆమె గ్లాసు పెట్టేసి వెళ్లిపోయింది.

రాతిగుండె, అనుకున్నాడు ఓంకార్. అతనికైతే ఇరవై రోజుల్లో బిషప్ విన్‌కోట్ ఇంటిమనిషైపోయాడు. పాతికేళ్ల వయసులో ఓడెక్కి, దారి పొడవునా వాంతులు చేసుకుంటూ మన దేశం వచ్చినవాడు. గుర్రమెక్కిన ప్రతిసారీ కిందపడ్డాడు. కట్టిన చర్చి కప్పు మూడుసార్లు గాలికి లేచిపోతే మూడుసార్లూ తనే నిచ్చెనెక్కాడు. బిషప్ అయ్యాక కరువు వస్తే తన వెండి సామానంతా అమ్మి ఊరికి గంజి పోయించి, గవర్నర్ చేత తిట్లు తిన్నాడు.

చివరి పేజీలో ఓంకార్ వేళ్లు నిజంగానే ఆగాయి. ముసలితనంలో బిషప్ సొంత దేశం వెళ్లి ఆఖరి ప్రసంగం చేశాడట. వినడానికి వచ్చింది నలుగురేనట, అందులో ముగ్గురు వాన తగ్గగానే లేచి వెళ్లిపోయారట.

“గింత చేసినాయనకు గిదేంది?” అన్నాడు పైకే. ఆ నలుగురి సంగతి పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం. ఓంకార్ దాన్ని వదిలేసి తర్వాతి వాక్యం కొట్టుకుపోయాడు.

ఫ్లాపీ సుబ్బరాయుడి చేతిలో పెట్టాకగానీ భయం పుట్టలేదు. నాగేశ్వరి కాపీలో ఆ నలుగురూ ఉంటారు, తన కాపీలో ఉండరు. ఇక రేపటినుంచి బాలానగర్ కార్ఖానాలో తండ్రి పక్కన లేత్ మెషిన్ దగ్గర నిలబడాల్సిందే.

“సార్, జర ఒక మాట...”

“ఉండవయ్యా, రెండు ఫ్లాపీలూ వేశాను.”

ప్రింటర్ కిర్రుమంటూ కాగితం కక్కింది. సుబ్బరాయుడు కళ్లజోడు సవరించుకుని దాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చూశాడు.

“తప్పు నాదే సార్. ఆయనను జూస్తే పాపమనిపించింది.”

“ఏం తప్పు? ఎవరిని చూస్తే?” అంటూ సుబ్బరాయుడు కాగితం అతని ముందుకు తోశాడు.

రెండు కాపీల్లో ఒక్క అక్షరం కూడా తేడా లేదు.