లిఫ్టు పక్క చోటు

మామగారు రిటైరయ్యారు. ఈ సంగతి ఆఫీసువాళ్ళకు తెలుసు, ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఆయనకే ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. చేతిలో రైళ్ళు లేవు కాబట్టి ఇప్పుడు అపార్టుమెంటు కింద కార్లను నడిపిస్తున్నారు. కోడలు కారు గేటు దాటించగానే రుమాలు ఊపుతూ ఎదురొస్తారు. "రా, రా, ఇంకా రా" అంటూ వెనక్కి నడిచి, స్తంభానికి తనే గుద్దుకుంటారు.

కారు బయటికి వెళితే ఆ ఖాళీలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు, ఇంకెవరూ దూరకుండా.

"ఆ కుర్చీకి జీతం కూడా ఇప్పించండి మామయ్యా" అంది కోడలు ఒకసారి.

ఆయన నవ్వలేదు.

నవ్వే విషయం కాదని ఆమెకూ తెలుసు. అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రికి వెళ్ళి వ్యాయామం చేయించుకోకపోతే ఆ నాలుగూ ఉండవని డాక్టరు తేల్చేశాడు. లిఫ్టు పక్కన కారు ఆగితేనే ఆవిడ ఇల్లు కదలగలదు. జనరేటరు వెనక ఇంకో చోటుంది గానీ, అక్కణ్ణుంచి లిఫ్టుదాకా అంటే ఆవిడకు పొరుగూరే. మధ్యలో మెట్లు కూడా.

అందుకే ఈ ఇంట్లో అద్దెకు దిగిన రోజునే, లిఫ్టు పక్క ఖాళీ చూసి మామగారు కారు అక్కడ పెట్టించారు. ఎవరూ కాదనలేదు. అప్పట్నుంచి అది "మన చోటు".

కొన్నాళ్ళకు పై అంతస్తులో తాళం వేసి ఉన్న ఇంట్లోకి ఒకతను వచ్చాడు. వస్తూనే కుర్చీ పక్కకు జరిపి, కారు తిన్నగా అక్కడ పెట్టాడు.

అత్తాకోడళ్ళు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మామగారు అతన్ని నిలదీస్తున్నారు.

"ఎవర్నడిగి పెట్టావు బాబూ?"

"ఇదేననుకున్నానండి."

"ఖాళీ కనిపిస్తే కూర్చోడానికి ఇదేమన్నా బస్సా?"

"కాదండి, నాకు..." అని ఏదో చెప్పబోయి, అతను కోడలి కారు వైపు చూశాడు.

వెనక తలుపు తెరుచుకుంది. ముందు వాకర్ దిగింది. తర్వాత ఒక కాలు. చాలాసేపటికి రెండోది.

"సరేనండి" అన్నాడు.

కారు తీసి జనరేటరు వెనక పెట్టుకున్నాడు. అక్కడ ఒక పక్కంతా గోడ. అతను పక్క సీటులోకి పాకి, అటువైపు తలుపులోంచి దిగడం చూసి కోడలికి నవ్వొచ్చింది. ఆ రోజే అతనికి "సరేనండి" అని పేరు పెట్టింది.

పేరు అతికినట్టు సరిపోయింది.

"లిఫ్టు తలుపు మెల్లగా వెయ్యి."

"సరేనండి."

"నా కుర్చీ ఎందుకు ముట్టుకున్నావ్?"

"గాలికి పడిపోతే నిలబెట్టానండి."

"పడితే పడనీ. నువ్వు ముట్టుకోకు."

"సరేనండి."

జనరేటరు పొగకు అతని తెల్లకారు బూడిదరంగుకు తిరిగింది.

"పాపం, ఒక్కసారైనా ఎదురు చెప్పడేం?" అంది అత్తగారు.

"చెప్పడానికి వెన్నెముక ఉండాలిగా అత్తయ్యా. మీకు విరిగింది తుంటి. ఆయనకు అసలు ఎముకే లేదు."

"గట్టిగా ఒక్క మాటంటే చాలు, మెత్తటి మనుషులు దారికొస్తారు" అన్నారు మామగారు ధీమాగా.

"నాకు వేసిన పట్టీలేవో ఈయన నోటికి వేయించాల్సింది" అంది అత్తగారు.

ఆవిడ వాకర్ వదిలి చేతికర్రకు మారిన రోజుల్లో, ఒక సాయంత్రం అతను తలుపు తట్టాడు.

"ఉద్యోగం మారిందండి. వెళ్ళిపోతున్నాను. చెప్పి వెళదామని."

మామగారు పేపరు దించలేదు. దాని వెనక నుంచే "ఊఁ" అన్నారు.

"అమ్మగారు కర్రతో నడుస్తున్నారు. చూస్తే సంతోషంగా ఉందండి."

"ఊఁ."

కోడలు మంచినీళ్ళయినా అడగలేదు. పొయ్యి మీద పాలున్నాయన్నది తనకు తను చెప్పుకున్న సాకు.

తర్వాత ఆ ఇంట్లోకి వేరే భార్యాభర్తలు దిగారు. వాళ్ళ కారు పెద్దది. బాల్కనీలోంచి చూసిన మామగారికి ఆ సైజు నచ్చలేదు.

"మొదటిరోజే చెప్పకపోతే నెత్తికెక్కుతారు" అని చెప్పులేసుకున్నారు.

"ఆ చోటు పోతే నేను మళ్ళీ మంచానికే" అంది అత్తగారు. ఈసారి ఆవిడ గొంతులో వెక్కిరింపు లేదు.

"పోనిస్తానా?"

కోడలు బాల్కనీలో నిలబడి గొడవ కోసం చెవి ఒగ్గింది. ఎంతసేపటికీ ఏ చప్పుడూ రాలేదు.

మామగారు పైకొచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు.

"ఏమన్నాడు? ఖాళీ చేయమన్నాడా?" అంది అత్తగారు.

"లేదు. జనరేటరు వెనకే పెట్టుకుంటాడట."

"మంచిదేగా. మరి ఆ మొహమేమిటి?"

"ఇల్లమ్మేటప్పుడే ఈ కొత్తతని దగ్గర మాట తీసుకున్నారట. పెద్దావిడ కర్ర కూడా వదిలేదాకా లిఫ్టు పక్క చోటు అడగొద్దని."

"ఎవరు తీసుకున్నారు?"

"మన సరేనండి."

కోడలికి అంతు పట్టలేదు. "ఆ ఇల్లు ఆయన సొంతమా? అయితే మాత్రం, మన చోటు సంగతి ఆయనకెందుకు మామయ్యా?"

ఆయన భార్య పాదాల వైపు చూశారు.

"మనది జనరేటరు వెనకదటమ్మా. తప్పు చేశాను, ఆ రోజు నేనతన్ని వెళ్ళగొట్టింది అతని సొంత చోటులోంచే."