సగం బాణీ

2011 జూన్‌లో ఒక ఆదివారం, పొద్దున పది గంటలకు, సూర్యాపేట బస్టాండు వెనక శ్రీను రిపేరు షాపులో గోపిక ఒక మనిషిని దొంగ అన్నది. షాపు నడిపే ఆమె మరిది శ్రీను విన్నాడు. సెల్‌ఫోన్ బాగు చేయించుకోవడానికి వచ్చిన బాల్యా విన్నాడు. ఆ మాట పడ్డ జీవన్ తల దించుకున్నాడు.

జీవన్ మిర్యాలగూడలో టీచరు. దూరదర్శన్ పాత సీరియళ్ల మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే మ్యూజిక్ సేకరిస్తాడు. ఆ రోజుల్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి దాన్ని పట్టుకున్నవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు ఉండేవారు. వాళ్ల క్యాసెట్లు వెతికి, కాపీ చేసుకుని, తిరిగి ఇచ్చేస్తాడు. త్రిపురారంలో ఒక రిటైర్డు పోస్టుమాస్టరు అటక మీద కొన్ని దొరికాయి. కోదాడలో కొన్ని. ఒక్క ఆదివారం సీరియల్ బాణీ మాత్రం ఎక్కడా దొరకలేదు.

అది గోపిక దగ్గర ఉంది. వాళ్ల ఊరు నడిగూడెంలో మొదటి టీవీ ఆమె తండ్రి రామనర్సయ్యది. గొర్రెలమ్మి కొన్నాడు. ఆయన పోయాక క్యాసెట్ల డబ్బా కూతురికి వచ్చింది. వినడానికి ఇంట్లో టేప్ రికార్డర్ లేదు, ఎప్పుడో పాడయింది. బాణీ సంగతి ఆమెకు పట్టదు. ఆ క్యాసెట్‌లో తండ్రి గొంతు ఉంది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

డబ్బా ఎవరిదో శ్రీను ఫోన్‌లో చెప్పినప్పుడు జీవన్ ఆ పేరు మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత, "ఆమె గూడ ఉంటదా?" అని అడిగాడు.

ఉంటుంది. క్యాసెట్ షాపు గడప దాటకూడదు, కాపీ తన కళ్ల ముందే జరగాలి. అది ఆమె షరతు. కోదాడలో ఆమె చిన్నమ్మ ఇంటికి ఇలాగే ఒకడు వచ్చాడు. పాత పాటలంటే ప్రాణమన్నాడు. ఉన్నవన్నీ పట్టుకుపోయి హైదరాబాద్‌లో అమ్ముకున్నాడు.

అందుకే క్యాసెట్ చేతిలోంచి వదలకుండానే గోపిక ప్రశ్నలు మొదలుపెట్టింది.

"పేర్లు పడేటప్పుడు టీవీల ఏం కనపడేది సార్?"

"తెల్వదమ్మా."

"పోనీ, అండ్ల ముసలాయన ఉండేటోడు గదా. కుంటుకుంట నడిసేది ఏ కాలు?"

"గుర్తు లేదు."

"గుర్తు లేదా, అసలు సూడలేదా?"

జీవన్ బల్ల మీది స్క్రూడ్రైవర్ల వైపు చూశాడు. "సూడలే."

"సూడనోనికి దాని మీద గింత పానమెందుకు? అమ్ముకోనీకి వచ్చినవ్. కోదాడకు వొయ్యింది గూడ నువ్వేనేమో. దొంగవు."

"వదినా!" శ్రీను చేతిలో పని వదిలేశాడు. "ఏం మాటలవి? సార్ ఎన్నడన్న ఒక్క క్యాసెట్ అమ్మిండా? ఎవలడిగితే వాళ్లకు ఉత్తగనే కాపీ జేసిస్తడు."

"గంత తిరిగి ఉత్తగనా?" బాల్యా అడిగాడు. "దీనికి ఇంక్రిమెంటు గిట్ల ఇస్తరా సార్?"

జీవన్ నవ్వలేదు. సంచీ భుజానికి వేసుకున్నాడు. "నేను పోతనమ్మా. ఏమనుకోకుండ్రి."

"ఆగుండ్రి సార్. ఆ మ్యూజిక్ జర పాడుండ్రి. మా వదిన ఇననీ."

జీవన్ వద్దన్నాడు. శ్రీను చేయి పట్టుకుని ఆపాడు. చివరికి జీవన్ గోడవైపు తిరిగి, నోరు తెరవకుండా కూనిరాగం తీశాడు. మొదట వేణువు పలికే ముక్క. తబలా వచ్చి చేరే చోటు. అక్కడ ఆగిపోయాడు.

"ఆడిదాకనే వచ్చు. తర్వాత ఎట్లుంటదో తెల్వది. గది తెల్సుకుందామనే వచ్చిన."

అది అచ్చం ఆ బాణీయే. గోపిక చిన్నప్పుడు ఆదివారమైతే ఇంట్లో వినపడేది అదే. ఆమెకు తల కొట్టేసినట్టయింది. స్టూలు కొంగుతో తుడిచి ముందుకు జరిపింది.

"కూసోండ్రి సార్. తప్పయింది. నోరు జారిన."

"పర్వాలేదమ్మా."

"మా నాయిన ఉంటే నన్ను కొట్టేటోడు. ఇంటికొచ్చిన మనిషిని ఒక్క మాట అననిచ్చేటోడు కాదు. ఊళ్లె పోరగాళ్లందరు మా ఇంట్లనే కూసునేది, తెల్సా? ఎవర్నీ పొమ్మనలే." ఆమె క్యాసెట్ శ్రీను చేతికిచ్చింది. "మీరు గిన మా ఊళ్లె పుట్టుంటే సీరియల్ మొత్తం సూసేటోళ్లు సార్."

జీవన్ స్టూలు మీద కూర్చున్నాడు. నేల చూస్తూ, "పెట్టు శ్రీనూ," అన్నాడు.

శ్రీను మీట నొక్కాడు. గరగర. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరిదో దగ్గు. తర్వాత రామనర్సయ్య గొంతు: "ఏయ్, సప్పుడు జెయ్యకుండ్రి. రికార్డ్ అయితుంది."

గోపిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాల్యా లేచి నిలబడ్డాడు.

వేణువు మొదలైంది. జీవన్ వంగి స్పీకరుకు చెవి దగ్గరగా పెట్టాడు. తబలా వచ్చి చేరింది.

సరిగ్గా అక్కడ, బాణీ మీదుగా చిన్నప్పటి గోపిక గొంతు వినపడింది: "నాయినా, జీవన్‌గాడు మళ్ల కిటికీ కాడికొచ్చిండు, మూసెయ్యి."