చీకటి బువ్వ

“పిల్ల తండ్రి ఒప్పుకున్నడు!” వాకిట్లో చెప్పులు విడుస్తూనే కేక వేశాడు మామ లింగయ్య.

కోళ్లకు జొన్నలు చల్లుతున్న రేణుకమ్మ చేతిలోంచి చేట జారింది. చిన్న మరిదికి పెళ్లి! ఈ ఇంటికి ఇంకో కోడలు!

“నీ మొగం జూడు, మల్ల నీకే పెండ్లైతున్నట్టుంది,” అంది పెద్ద తోడికోడలు భీమమ్మ. “ఇగ నీకు చీకటి బువ్వ తప్పింది తీ.”

జర్మనీతో యుద్ధం మొదలయ్యాక పాన్‌గల్‌లో కిరసనాయిలు కరువైంది. ముందు మగవాళ్లు, తర్వాత అత్త జములమ్మ, ఆ తర్వాత భీమమ్మ. వాళ్లంతా తిని లేచేసరికి పొద్దుగూకేది. పప్పులో ఏం పడిందో తెలియక తడుముకుంటూ తినేది రేణుకమ్మ ఒక్కతే. చిన్న కోడలు వంతు అది. పెళ్లయి ఏడాదైనా రాత్రిపూట తను తినే రొట్టె రంగు చూసి ఎరగదు.

జములమ్మ సంతలో కొన్న కొత్త పెట్టను వాకిట్లో వదిలింది. పెద్ద కోడి ఒకసారి చూసి ఊరుకుంది. రోజూ అన్నిటిచేతా పొడిపించుకునే బోడపెట్ట మాత్రం ఉరికొచ్చి దాని నెత్తిన పొడిచింది.

“అబ్బో, దీని దర్జా జూడు!” భీమమ్మ పడీపడీ నవ్వింది.

రేణుకమ్మకు నవ్వు రాలేదు.

“అవునే, పిల్లకు పనొస్తదా?” అడిగింది భీమమ్మ.

“వస్తదక్కా. ఎంత జెప్పినా చేస్తది. తిట్టినా ఎదురు మాట్లాడది.”

అన్నాక గుర్తొచ్చింది. తను ఈ సంబంధం తెచ్చిన రోజు అత్తకు చెప్పి ఒప్పించిన మాటలే అవి.

ఆ సాయంత్రం జములమ్మ ఇంకో పీట వాల్చింది. “రా, ఇయ్యాల్టి సంది నువ్వు గూడ మాతోనే తిను.”

ఇంకా వెలుగుంది. రొట్టె మీద ఎర్రటి మచ్చలు ముద్దుగా కనిపిస్తున్నాయి. అయినా రేణుకమ్మ రొట్టె మీద చెయ్యి వెయ్యలేదు. రాబోయే ఆ పిల్ల చీకటంటే జడుసుకుంటుంది.

“ఏందే గట్లున్నవ్? ఏమన్న ఉంటే గిప్పుడే చెప్పు. రేపు బొట్టు వెట్టినంక మాట తిరగదు.”

వద్దత్తమ్మా, ఆ పిల్లకు ఈ ఇల్లు వద్దు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మం బయట ఎండ గోడెక్కి పోతోంది.

“ఏం లేదత్తమ్మా,” అంది రేణుకమ్మ, రొట్టె తుంచుతూ.

“రేపు మా చెల్లెకు నేనే బొట్టు వెడత.”